ఇంజనుకు కుల్లా

మదనపల్లెలో ఎవరైనా నన్ను ఏం ఉద్యోగం చేశారని అడిగితే పడవ మెకానిక్కునని చెబుతాను. అడిగినవాళ్లు నవ్వుతారు. ఎండాకాలం వస్తే బిందెలు పట్టుకుని నీళ్ల ట్యాంకరు వెనక పరుగెత్తిన ఊళ్లో పడవేమిటి, దానికి మెకానిక్కేమిటి అని. నవ్వనిస్తాను. నిజానికి నా సర్వీసంతా ఆ ట్యాంకర్ల కింద వెల్లకిలా పడుకునే గడిచింది. పడవ నా చేతికి వచ్చింది చివర్లో, ఇక ఆరునూరైనా కొత్త పని నేర్చుకునేది లేదని గట్టిగా అనుకున్న తర్వాత.

బోటింగు పనుల్లో కొత్తగా చేరే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. చదివితే మీకే మంచిది. చదవకపోతే మీ ఖర్మ, నాకేం పోయింది, నేను ఇంట్లో కూర్చున్నవాణ్ణి.

కాలువ నీళ్లు వచ్చి పుంగనూరు దగ్గరి పెద్ద చెరువు నిండింది. నిండిన నీళ్లు ఎండల్లో కూడా నిలబడ్డాయి. ఆదివారం వస్తే జనం పిల్లల్ని వెంటబెట్టుకుని ఊరికే నీళ్లు చూడటానికే వచ్చేవాళ్లు. వేరే ఊళ్లవాళ్లకు ఇది వింతగా ఉంటుందేమో, మా వైపు నీళ్లు చూడటం కూడా ఒక షికారే. ఇంతమంది వచ్చేచోట ఒక పడవ ఉంటే బాగుంటుందని మా ఆఫీసులో ఎవరికో తోచింది. కోస్తాలో ఎక్కడో కొన్నాళ్లు తిరిగిన పెట్రోలు పడవ ఒకటి లారీ మీద వచ్చింది. దానికి మెకానిక్కు కావాలి. ఆఫీసరు నన్ను పిలిచాడు.

“నాకు ఈత రాదు సార్” అన్నాను.

“నిన్ను ఈదమన్యారా? ఇంజను సూసుకోమంటాండాము. ట్యాంకరుకుండేదీ ఇంజనే, దీనికుండేదీ ఇంజనే. పో.”

ఈ మాట గుర్తుపెట్టుకోండి. తర్వాత జరిగినదంతా ఈ మాటలోనే ఉంది. ఆయన్ని అని లాభం లేదు, ఆ రోజు నేనూ అలాగే అనుకున్నాను.

చెరువు దగ్గర మేం ముగ్గురం. పడవ నడిపే ఆయనది కుప్పం వైపు, గుడుపల్లె పక్కన చిన్న పల్లె. బతుకంతా గ్రానైట్ బండలు మోసే లారీలు నడిపాడు. మోకాళ్లు క్లచ్చి తొక్కలేమని మొరాయించాక పడవకు వచ్చాడు. నాకన్నా పెద్దవాడు. మంచి చెబితే తెలుగులో చెప్పేవాడు, బండిని తిడితే అరవంలో తిట్టేవాడు. మేమందరం డ్రైవరప్ప అనేవాళ్లం. టికెట్లు ఇచ్చే ఆమెది పుంగనూరులో అంగడి పెట్టుకున్నవాళ్ల ఇల్లు. గొంతెత్తిందంటే గట్టు మీద జనం తమంతట తామే వరసలో నిలబడేవాళ్లు. ఆమె టికెట్టమ్మ. నన్ను మెకానిక్కప్ప అనేవాళ్లు, నా వెనక ఇంకేమనేవాళ్లో నాకు తెలియదు. నా నోరు కొంచెం పెద్దదని మా ఇంటావిడ కూడా అంటుంది.

పడవతో పాటు కోస్తా నుంచి ఒక మెకానిక్కు వచ్చి కొద్దిరోజులు మాకు పని నేర్పించి వెళ్లాడు. సంగటి ముద్ద చూసి బెదిరిపోయిన మనిషి, కానీ పనిలో మాత్రం దేవుడు. పడవ వెనక సీటు కింద పెట్టెలాంటి అరలో ఇంజను ఉంటుంది, దానికి పైన మూత. అర లోపలి నుంచి బయటికి రెండు వంకర గాలిగొట్టాలు. ఒకదాన్లోంచి బయటి గాలి లోపలికి వస్తుంది, రెండోది అడుగు దాకా దిగి లోపలి గాలిని బయటికి తోస్తుంది. ఆ రెండో గొట్టంలో చిన్న ఫ్యాను. ఇంజను స్టార్టు చేయడానికి ముందు మూత తీసి వాసన చూడాలి, ఫ్యాను వేసి కాసేపు తిరగనివ్వాలి, ఆ తర్వాతే తాళం తిప్పాలి.

“లారీకి అయితే యాల లేదు ఇదంతా?” అని డ్రైవరప్ప అడిగాడు.

“ఆయ్, లారీలో కారితే రోడ్డు మీద పడుద్దండి, గాలికి పోద్దండి. పడవకి అడుగు మూసేసుంటదండి. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువండి. కుండలో నీళ్లలాగ అడుగునే కూర్చుంటదండి. ఓ నిప్పురవ్వ పడిందనుకోండి, మనవూ పడవా కలిసే పోతావండి” అని నవ్వుతూనే చెప్పాడాయన.

మేం నవ్వలేదు. ఆ రోజు నుంచి ఫ్యాను తిప్పకుండా డ్రైవరప్ప ఒక్కసారి కూడా స్టార్టు చేయలేదు. ఈ మాట ఆయన తరఫున నేను ఎక్కడైనా చెబుతాను.

ఫ్యాను ఎంతసేపు తిరగాలన్నదే తగువు. గడియారం చూసే ఓపిక మాలో ఎవరికీ లేదు. టికెట్టమ్మ ఫ్లాస్కులో టీ తెచ్చేది. గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఫ్యాను తిరగాలని పెట్టుకున్నాం. ఎవరి గ్లాసు అనేది మళ్లీ తగువు. లారీ డ్రైవర్లు పొగలు కక్కే టీని ఒకే గుక్కలో దించేస్తారు, ఆ గొంతులు వేరే. నాదీ దాదాపు అంతే. టికెట్టమ్మ ఊదుకుంటూ, మధ్యలో ఇంటి సంగతులు చెప్పుకుంటూ తాగుతుంది. అందుకని ఆమె గ్లాసే లెక్క అన్నాం. ఎక్కి కూర్చున్నవాళ్లు ఊరుకుంటారా.

“ఏమప్పా, మీరు టీ తాగతాంటే సూసేదానికా మేము టికెట్టు తీసింది?”

“ఊపిరి తీస్కోనీ సామీ” అనేవాడు డ్రైవరప్ప, ఇంజను మూత మీద చెయ్యేసి. “నువ్వు నిద్ర లేస్తానే పరిగెత్తతావా? అదీ అంతే.”

డ్రైవరప్పకు పగ ఒకటే, దుమ్ము మీద. గ్రానైట్ దుమ్ము ఆయన లారీల్నీ తిన్నది, ఆయన రొమ్మునూ తిన్నది. చెరువుకు అవతల ఒక కంకర మిషను ఉండేది. గాలి ఇటు తిరిగిందంటే పడవ మీద తెల్లగా పేరుకునేది. ఆయన భుజం మీది తువ్వాలు తీసి తుడిచేవాడు, మళ్లీ పడితే మళ్లీ తుడిచేవాడు. గాలిగొట్టాల మూతులు అట్లా తెరిచిపెట్టి ఉండటం ఆయనకు సహించేది కాదు. “నోరు తెరుసుకొని దుమ్ము తింటాండాది సూడప్పా, పాపం” అనేవాడు.

మధ్యాహ్నం ఇద్దరం కలిసే తినేవాళ్లం. ఆయన కట్టుకొచ్చిన ఊరిబిండి, శెనక్కాయల పచ్చడి, నేను తినేవాణ్ణి, నా డబ్బాలో అన్నం ఆయన తినేవాడు. తింటూ చెప్పే మాటల్లో ఆయన భార్య ఎక్కువగా వచ్చేది. ఇన్నేళ్లు బండి నడిపి ఆమెను ఒక్కసారి కూడా ఎక్కించుకోలేదట. ఎప్పుడు చూసినా వెనక బండ, ముందు చెక్‌పోస్టు. “నేను నడిపే బండిలో ఆయమ్మ కూసోలేదప్పా ఇంతవరకూ. ఈ తూరి ఆయుధపూజకు పిల్సుకోనొస్తా. పూజ అయినంక మొదటి రౌండు ఆయమ్మకే” అన్నాడు. అలా అంటున్నప్పుడు ఆయన ముఖం చూస్తే నాకు ముచ్చటేసింది. నాకు అన్నలు లేరు. ఉండి ఉంటే ఇలా ఉండేవాడేమోనని అప్పుడప్పుడు అనిపించేది.

పండగ ముందు రోజు నేను సెలవు పెట్టాను. మదనపల్లెలో నా పాత వర్క్‌షాపులో ట్యాంకర్లకు పూజ చేస్తూ రమ్మన్నారు, వెళ్లాను. పండగనాడు పొద్దున పుంగనూరు బస్సెక్కాను. అరటి పిలకలు కట్టుకున్న బస్సు. స్టాండులో గుమ్మడికాయ కొట్టేదాకా కదలలేదు, కదిలాక దారిలో తెలిసిన అంగళ్ల ముందంతా ఆగింది. ప్రతి అంగడివాడూ బొరుగులు, బెల్లం పొట్లం లోపలికి అందించాడు. నా ఒడి నిండింది గానీ చెరువు దగ్గరికి చేరేసరికి పొద్దెక్కిపోయింది.

గట్టు మీద నుంచి పడవను చూసి నిలబడిపోయాను. అంత అందంగా ఉంది. రెండు పక్కలా అరటి పిలకలు, ముందువైపు బంతిపూల దండ, ఒంటినిండా విభూది, కుంకుమ. చక్రాలు లేవు కదా, నిమ్మకాయలు ఎక్కడ పెట్టాలో తెలియక గట్టు నుంచి పడవలోకి ఎక్కడానికి వేసిన పలక దగ్గర వరసగా పెట్టారు. వెనక గాలిగొట్టాలకు ఆకుపచ్చ పట్టుగుడ్డతో, జరీ అంచుతో, చంటిపిల్లలకు కట్టే కుల్లాల్లాంటివి రెండు బిగించి ఉన్నాయి. పండక్కు ఇంట్లో అందరికీ కొత్తబట్టలు తెచ్చినట్టు ఆ గొట్టాలకూ కొత్తబట్టలు. దుమ్ము దుమ్మని డ్రైవరప్ప చెప్పిచెప్పి పెట్టిన దిగులుకు ఆయన భార్య తన పాత పట్టుచీర చింపి కుట్టి ఇచ్చింది. ముందురోజు సాయంత్రం డ్రైవరప్ప పడవంతా కడిగి, పండగ జనం వస్తారని ట్యాంకు నిండా పెట్రోలు పోసి, మూత వేసి, గొట్టాలకు కుల్లాలు తొడిగాడు. అన్నీ ప్రేమగానే చేశాడు.

పడవలో ఆయన భార్య, మనవరాళ్లు ఇద్దరు వెనక సీటుకు కొంచెం ముందు కూర్చుని ఉన్నారు. డ్రైవరప్ప కొత్త పంచె కట్టుకుని ఇంజను దగ్గర నిలబడ్డాడు. ఒక చేతిలో పళ్లెం, పళ్లెంలో కర్పూరం. రెండో చేత్తో అగ్గిపెట్టె పట్టుకునే మూత పైకెత్తుతున్నాడు. లారీకైతే బానెట్టు ఎత్తి ఇంజనుకు హారతి ఇస్తారు. జీవితమంతా అలాగే ఇచ్చాడు.

నేను పలక మీద కాలు పెట్టాను. వాసన కొట్టింది. ఎప్పుడూ వచ్చే వాసన కాదు, ముక్కులో నుంచి తలకెక్కే వాసన.

“అగ్గిపెట్టె పారెయ్ రా!”

అదీ నేను అరిచిన మాట. నాకన్నా పెద్దవాణ్ణి, ఎప్పుడూ అప్పా అని తప్ప పిలవని మనిషిని, భార్య ముందర, మనవరాళ్ల ముందర, గట్టు నిండా జనం ముందర. మళ్లీ అలాంటి రోజు వస్తే మళ్లీ అలాగే అరుస్తాను, అందులో మొహమాటం లేదు. మూత సగం ఎత్తిన చెయ్యి అలాగే ఉంచి ఆయన నా వైపు తిరిగాడు.

“పూజకాడ యాల అట్ల అరుస్తావు?” అన్నాడు మెల్లగా. “ఫ్యాను ఏసేది స్టార్టు చేసే ముందర గదా. నేనింకా స్టార్టే చెయ్యలేదే. పూజ చేస్తాండా.”

చూడండి, ఆయన చెప్పింది సరిగ్గా మాకు నేర్పించిందే. స్టార్టుకు ముందు అనే అందరం నేర్చుకున్నాం. హారతికి ముందు అని ఎవరూ చెప్పలేదు. కోస్తా ఆయనకు మా ఆయుధపూజలో ఇంజనుకు కర్పూరం వెలిగిస్తారని తెలిసి ఉండదు.

“అప్పా, వాసన సూడు” అన్నాను. “అడుగంతా ఆవిరి ఉండాది. అగ్గిపెట్టె నీళ్లలో ఎయ్. ఎవరూ ఏ స్విచ్చీ ముట్టుకోవద్దండి. ఫోన్లు తీయొద్దండి.”

ఆయన ముక్కు ఎగబీల్చాడు. తర్వాత ఆయన చూపు కుల్లాల మీదికి పోయింది, అక్కడి నుంచి మనవరాళ్ల మీదికి పోయింది. అగ్గిపెట్టె నీళ్లలో పడింది.

టికెట్టమ్మకు నేనేమీ చెప్పనక్కరలేదు. గట్టు మీద నుంచే, ఏమీ జరగనట్టు పిలిచింది. “పిలకాయలూ, బొరుగులు పంచతాండా, బిన్నా దిగిరండి. లేదంటే అయిపోతాయి.” ఆ పిల్లలు పలక మీద గజ్జెలు మోగించుకుంటూ దిగిపోయారు. భార్య మాత్రం కదల్లేదు. ఆయన ముఖమే చూస్తూ కూర్చుంది. ఆయన చెబితేనే దిగుతుంది. “దిగు” అన్నాడు.

అందరూ దిగాక ఆయనా నేనూ మిగిలాం. దిగమంటే దిగలేదు. మూత మెల్లగా పూర్తిగా తీశాం. ట్యాంకు నిండుగా ఉండటంతో పైపు జాయింటు దగ్గర రాత్రంతా కారింది. ఆవిరి బయటికి పోయే దారికి రెండు వైపులా పట్టుగుడ్డ బిగించి ఉంది. ఇప్పుడు ఫ్యాను వేద్దామన్నా స్విచ్చి ముట్టుకోవడానికి నాకు ధైర్యం చాల్లేదు. కుల్లాలు ఊడదీసి, తాడు వదులు చేసి, పడవ వెనకభాగం గాలికి ఎదురుగా ఉండేలా తిప్పి కట్టాం. లోపల కారినదాన్ని గుడ్డలతో అద్ది, ఆ గుడ్డలు దూరంగా ఎండలో పడేశాను. అయినా అడుగున కూర్చున్నది లేవదు. అరటి ఆకులు కోసి, అవి పట్టుకుని ఆయనొక పక్క నేనొక పక్క ఇంజను అరలోకి విసరడం మొదలుపెట్టాం.

గట్టు మీద జనానికి ఇదేదో పడవల పూజలో ఒక భాగమనిపించింది. ఇంజనుకు వింజామర వీస్తున్నామని ఒక ముసలామె చేతులు జోడించింది. నవ్వొచ్చింది నాకు, నవ్వలేకపోయాను. డ్రైవరప్ప ఆకు చీలికలు చీలికలయ్యేదాకా విసిరాడు. చాలు అన్నా ఆపలేదు. చెమట కారి ఆయన నుదుటి మీది విభూది చెరిగిపోయింది.

ఆయన భార్య గట్టు మీద కూర్చుని ఆ రెండు కుల్లాలనూ ఒళ్లో పెట్టుకుని మడతలు సరిచేసుకుంటోంది. నేను అటువైపు వెళ్తే తలెత్తింది. “దుమ్ము పోకుండా ఉండాలని కుట్టినానప్పా” అంది. “నాకు తెలీదు.”

“ఎవరికి తెలుసమ్మా” అన్నాను.

మధ్యాహ్నం దాటాక జాయింటు బిగించి, ముక్కు పెట్టి పదేపదే చూసి, వాసన పోయిందనుకున్నాక ఫ్యాను వేశాం. టికెట్టమ్మ టీ పోసింది. ఆ రోజు ఆమె కూడా మాట్లాడకుండా తాగింది. ఇంజను స్టార్టయింది. డ్రైవరప్ప తన భార్యను ఎక్కించుకుని చెరువు చుట్టి వచ్చాడు. ఆమె నీళ్ల వైపు చూడలేదు. స్టీరింగు మీద ఉన్న ఆయన చేతులే చూస్తూ కూర్చుంది. నేను గట్టు మీదే ఉండిపోయాను.

దిగి వచ్చాక, పళ్లెంలో కర్పూరం అలాగే ఉంటే, “అప్పా, ఈడ గట్టు మీద వెలిగించు, దూరం నుంచి సూపిద్దాము” అన్నాను.

“గట్టుకు యాల పూజ? గట్టును నేను నడపతాండానా?” అని కర్పూరం తీసి జేబులో వేసుకున్నాడు. హారతి ఇవ్వని ఆయుధపూజ ఆయనకు అదొక్కటే.

తర్వాత కొద్దిరోజులకే నేను రిటైరయ్యాను. ఆ రోజుల్లో ఆయన పని మానలేదు, ముభావంగా ఉండలేదు. అడిగితే జవాబు చెప్పేవాడు. కానీ ఊరిబిండి డబ్బా నా ముందుకు జరపడం మానేశాడు. ఒక పక్కకు తిరిగి తినేవాడు. నా వీడ్కోలు సభకు వచ్చి దండ వేసి, భోంచేసి వెళ్లాడు. అరిచినందుకు కోపమో, తన మనవరాళ్లకు తన చేతులతోనే ఏం జరగబోయిందో అన్న దిగులో, నన్ను చూసినప్పుడల్లా అది గుర్తొస్తుందో, నేను అడగలేదు. అడిగే నోరు కాదు నాది, అరిచే నోరు. ఇంట్లో కూర్చున్నాక ఆ మనిషి లేని మధ్యాహ్నాలు నన్ను బాగా బాధపెట్టాయి. ఉన్న మాట చెబుతున్నాను.

మళ్లీ పండగ వచ్చింది. టికెట్టమ్మ ఫోను చేసింది.

“ఏందప్పా, రావా? ఆయన నోరు తెరిసి పిలవడు. నువ్వు నోరు మూసుకొని రావు. మీ ఇద్దరితో నేను యాడ సావాల?”

వెళ్లాను. పుంగనూరు స్టాండులో దిగి ఒక కర్పూరం పొట్లం, అగ్గిపెట్టె కొన్నాను. ఆయన ఈసారీ వెలిగించకపోతే గట్టు మీద నేనే వెలిగించి ఆయన పేరున దణ్ణం పెట్టుకుందామని.

పడవ నిరుడులాగే ముస్తాబై ఉంది. గాలిగొట్టాల మూతులు మాత్రం బట్ట లేకుండా, శుభ్రంగా తెరుచుకుని ఉన్నాయి. పలక దగ్గర డ్రైవరప్ప నిలబడి ఎక్కేవాళ్ల ముందు ఏదో చాపుతున్నాడు. దగ్గరికి వెళ్లి చూశాను. ఆకుపచ్చ పట్టు, జరీ అంచు. ఆ కుల్లాకే ఆయన భార్య తాడు కుట్టి సంచీ చేసింది. “బీడీలు, అగ్గిపెట్టెలు, లైటర్లు దీంట్లో ఎయ్యండి సామీ. దిగేటప్పుడు ఎత్తుకోండి” అని అందరికీ చెబుతున్నాడు. జనం నవ్వుతూ వేస్తున్నారు. రెండో కుల్లా నిండి టికెట్టమ్మ బల్ల దగ్గర మేకుకు వేలాడుతోంది.

నా వంతు వచ్చింది. కుల్లా నా ముందుకు వచ్చింది. ఆయన నా చొక్కా జేబు వైపు చూశాడు. పలుచటి చొక్కా, లోపల అగ్గిపెట్టె బొమ్మతో సహా కనిపిస్తోంది. నిరుడు అంత అరుపు అరిచిన నేను, పలక మీద కాలు పెట్టి, జేబులో అగ్గిపెట్టెతో నిలబడి ఉన్నాను. తీసి కుల్లాలో వేశాను.

“నేనైతే అరవన్లేప్పా” అన్నాడు.

వెనక ఆయన భార్య కొంగు నోటికడ్డం పెట్టుకుంది. టికెట్టమ్మకు ఆ మర్యాద కూడా లేదు, బయటికే నవ్వింది. నేను కళ్లజోడు తుడుచుకోవాల్సి వచ్చింది.

మూత తీశారు. ఫ్యాను వేశారు. టికెట్టమ్మ గ్లాసు ఖాళీ అయ్యేదాకా కూర్చున్నాం, ఈసారి ఊరిబిండి డబ్బా కూడా మా మధ్యకు వచ్చింది. ఆ తర్వాత డ్రైవరప్ప కుల్లాలోంచి నా అగ్గిపెట్టె తీసుకుని పడవ దిగి, చాలా దూరం నడిచి గట్టు మీద ఒక రాయి దగ్గరికి వెళ్లాడు. పళ్లెం అక్కడ ముందే పెట్టి ఉంది. కర్పూరం వెలిగించి పడవ వైపు తిప్పాడు. పడవలో ఆయన భార్య, మనవరాళ్లు అక్కడి నుంచే చేతులు జోడించారు.

ఆయన వెనకే వెళ్లిన నేను ఉండబట్టలేక అడిగాను. “గట్టుకు యాల పూజ అన్యావు గదప్పా?”

“ఈణ్ణించైతే పడవా కనపడతాది, దాంట్లో ఉండేటోళ్లూ కనపడతారు” అని హారతి పళ్లెం నా ముందుకు చాపాడు.